సోమవారం కదలని కారు

ఎలక్ట్రీషియన్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మోకాళ్లు అరిగిపోయి నేను కుర్చీకి అంటుకుపోయాక నా దగ్గర మిగిలింది మాటలే కదా. వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే, మీరు పట్టుకున్నవాటిలో అన్నిటికంటే కష్టమైన ఫాల్ట్ ఏది అని. అలాంటివి చాలా ఉన్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి దగ్గి ఆపేదాకా చెప్పగలను. కానీ ఇవాళ రాస్తున్నది గొప్పగా చెప్పుకునేది కాదు. ఒక పాత కారులో బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తెలుసుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. ఆ నెలలో ఒక మనిషి ఉద్యోగం పోగొట్టాను. మీరూ రేపు ఇన్‌ఛార్జిలవుతారు కాబట్టి ఇది మీకు తెలియాలి.

నేను రాయపూర్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాను. మా నాన్న విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. నన్నూ రైల్వేలోనే చూడాలని ఆయన కోరిక. నేను పరీక్ష మూడుసార్లు తప్పి, ఆయన మొహం చూడలేక వర్క్‌షాపులో చేరాను. అక్కడ మాత్రం పని చకచకా పట్టుబడింది. చేయి మంచిది, నోరు చెడ్డది అని నా గురించి అనేవాళ్లు. చేయి మంచిదవడం వల్ల నోటిని అందరూ భరించారు. అదే నాకు చేటయింది.

ఎలక్ట్రికల్ విభాగంలో నా కింద పనిచేసేవాళ్లలో ఇంకొక తెలుగువాడు ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. వాళ్లది శ్రీకాకుళం వైపు. తండ్రి ఫ్యాక్టరీ పనికి వచ్చి రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో ఇల్లు వేసుకుంటే, ఇతను అక్కడే పుట్టాడు. రోజూ బీర్‌గావ్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మాట తక్కువ. పని చేసేటప్పుడు అతని చేతుల చప్పుడు కూడా వినిపించేది కాదు. షాపులో మిగతావాళ్లు మా ఇద్దరినీ అన్నదమ్ములనుకునేవాళ్లు, మేము తెలుగులో మాట్లాడుకోవడం వల్ల. అతను నన్ను 'గురువా' అనేవాడు. నేను అతన్ని కోప్పడినప్పుడు కూడా ఆ పిలుపు మారలేదు.

ఇక ఎలకల సంగతి. మాది ధాన్యం పండే నేల. గోదాములు ఎక్కువ, గోదాములుంటే ఎలకలు ఎక్కువ. రాత్రి బానెట్ కింద వెచ్చగా దూరి తీగలు కొరికేస్తాయి. మా పనిలో సగం అవి పెట్టిందే. వాటి కోసం నేనొక మందు కనిపెట్టాను. కనిపెట్టానని అప్పుడు చెప్పుకునేవాణ్ని, నిజానికి మా షాపు ఊడ్చే ఆమె చెప్పింది. ఇక్కడి ఆడవాళ్లు గుడాఖు అని వేలితో పళ్లకి రుద్దుకుంటారు. పొగాకూ బెల్లపు మడ్డీ కలిపిన నల్లటి ముద్ద. ఆ డబ్బా ఉన్న అలమరలోకి ఎలకలు రావని ఆమె అంటే, ఒక వేసవిలో పండరీ బజారు బట్టల వ్యాపారి కారులో తీగలకీ కనెక్టర్లకీ పూసి చూశాను. ఎలకలు మళ్లీ రాలేదు. ఇంకేముంది, నా పేరు మోగిపోయింది. ఒక డబ్బా నా సొరుగులో పెట్టుకున్నాను. అదేమిటని కస్టమర్లు అడిగితే "స్పెషల్ మందు" అని పెద్దరికంగా చెప్పి ఊరుకునేవాణ్ని.

నాది ఇంకో నియమం కూడా ఉండేది. షాపులోకి ఏ బండి వచ్చినా ముందు గాలి కొట్టాలి. బానెట్ ఎత్తి, కంప్రెసర్ గాలితో దుమ్మంతా ఎగరగొట్టాకే చెయ్యి పెట్టాలి. దుమ్ములో చెయ్యి పెట్టేవాడు డాక్టరు కాదు, కూలీ అనేవాణ్ని. శుభ్రంగా ఉండేది కాబట్టి మేనేజరుకి కూడా ఆ నియమం నచ్చింది.

కొత్త రాజధాని నయా రాయపూర్‌కి ఆఫీసులు ఒక్కొక్కటిగా తరలిపోతున్న రోజులవి. రైల్వే కాలనీలో ఉండే ఒక నర్సుగారు నయా రాయపూర్ వైపు ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆమెది కాకినాడ దగ్గర. భర్త రైల్వే గార్డు, ఎక్కువ రోజులు లైన్ మీదే. అందరికీ ఆమె 'సిస్టర్'. ఆమె దగ్గర వెలిసిపోయిన మెరూన్ రంగు చిన్న కారు, ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చింది. అటువైపు రోడ్లు విమానం దిగేంత వెడల్పు, కానీ పొద్దున్న ఆరింటికి ఆటో మాత్రం దొరకదు. ఆ కారు లేకపోతే ఆమెకి డ్యూటీ లేదు.

మే నెలలో ఆ కారు మా దగ్గరకు వచ్చింది. బ్యాటరీ పక్కన తీగలు ఎలకలు కొరికేశాయి. అవి నేను కలిపి, నా మందు పూశాను. చేతుల్లో సంచులతో నాలుగు తలుపులూ విడివిడిగా తాళం వేయలేకపోతున్నానని సిస్టర్ అంటే, అదే వారం మా బీర్‌గావ్ మనిషి ఆ కారుకి సెంట్రల్ లాక్ బిగించాడు. ఒకే జాబ్‌కార్డు మీద రెండు పనులు, ఇద్దరి సంతకాలు. జూన్ అంతా బండి బాగానే తిరిగింది.

జూలై మొదటి సోమవారం పొద్దున్నే ఆమె ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, బండి కదలట్లేదండి. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోంది."

శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పెట్టిన కారు. ఆదివారం చర్చికి నడిచే వెళ్తారు కాబట్టి ముట్టుకోలేదు. షాపు నుంచి కుర్రాణ్ని పంపి, ఇంకో బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయించి షాపుకి తెప్పించాను. నియమం ప్రకారం గాలి కొట్టాం. బ్యాటరీకీ తీగకీ మధ్య మీటరు పెట్టి, అన్నీ ఆపి బండి నిద్రపోయాక ఎంత కరెంటు తాగుతోందో చూశాను. ముప్పై మిల్లీ ఆంపియర్లు. అంత పాత కారుకి అది మామూలే. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు బాగానే ఉంది. బ్యాటరీ ముసలిదైపోయిందని చెప్పి పంపేశాను.

తరువాతి సోమవారం మళ్లీ ఫోన్. కొత్త బ్యాటరీ వేయించాను. ఆ తరువాతి సోమవారం కొత్త బ్యాటరీతో కూడా కదల్లేదు. ప్రతిసారీ షాపులో గాలి కొట్టడం, మీటరు పెట్టడం, ముప్పై మిల్లీ ఆంపియర్లు చూడడం. ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా ఫ్యూజులు ఒక్కొక్కటీ నేనే పీకి చూశాను. ఏదీ ఏమీ చెప్పలేదు. అంత మర్యాదగా ఉన్న కారుని నేను జన్మలో చూడలేదు.

ఆ మూడోసారి సిస్టర్ షాపుకి స్వయంగా వచ్చారు. కోపంగా రాలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

"నేను లేటయితే నాకు చీవాట్లేనండి, అవి తింటాను. కానీ నేను వెళ్లేదాకా రాత్రి డ్యూటీ అమ్మాయి వార్డు వదిలి పోలేదు. ఆమెకి ఇంట్లో పాలుతాగే పిల్ల ఉంది. మూడు సోమవారాలుగా ఆ పిల్ల ఆకలితో ఏడుస్తోందండి."

మేనేజరు గాజు తలుపు వెనకనుంచి ఇదంతా విన్నాడు. ఆమె వెళ్లాక నన్ను పిలిచి హిందీలో తిట్టాడు. ఈ బండి ఇంకొక్కసారి తిరిగొస్తే, దీన్ని చెడగొట్టినవాడు ఎవడైనా సరే ఇక్కడ ఉండడు, అంతే అన్నాడు. ఎవరు చెడగొట్టారో కాగితం మీద రాసివ్వమన్నాడు.

నేను ఆలోచించాను. పాత కారులో కొత్తగా వచ్చింది ఏమిటి? సెంట్రల్ లాక్. బయటనుంచి తెచ్చి బిగించిన సామానే ఎక్కువసార్లు బ్యాటరీ తాగుతుందని నా అనుభవం. ఆ అనుభవం అబద్ధం కాదు, ఇవాళ్టికీ మీకు అదే చెప్తాను. కానీ నేను లాక్ తాగుతుండగా కొలవలేదు. కొలవకుండానే జాబ్‌కార్డు మీద రాశాను, 'సెంట్రల్ లాక్ వైరింగులో లోపం కావచ్చు' అని. ఆ 'కావచ్చు' నన్ను కాపాడుతుందనుకున్నాను. మేనేజరు దాన్ని చదవనే లేదు.

మా మనిషిని పిలిచి, అందరూ వింటుండగా, "రేపట్నుంచి ఈ బండి జోలికి నువ్వు రాకు. లాక్ నేనే పీకుతాను" అన్నాను.

అతను ఏదో చెప్పబోయాడు. "గురువా, లాక్ కాదేమో, ఒకసారి నన్ను..." 

నేను చెయ్యి ఎత్తాను. నేను చెయ్యి ఎత్తితే మా షాపులో మాట ఆగిపోయేది. అతనిదీ ఆగిపోయింది.

లాక్ మొత్తం పీకి సొరుగులో పడేశాను. ఆ వారం ఎందుకో వానలు మొహం చాటేశాయి. ఎండ కాసింది, రోడ్లన్నీ ఆరిపోయాయి. సోమవారం పొద్దున్న కారు ఒక్క దెబ్బకి స్టార్టయింది. సిస్టర్ డ్యూటీ నుంచి వస్తూ డబ్బా నిండా జంతికలు తెచ్చిచ్చారు. నేను రెండు చేతులా తీసుకున్నాను. ఆ జంతికలు మా బీర్‌గావ్ మనిషి కూడా తిన్నాడు. నేనే వెళ్లి ఇచ్చాను, నా పెద్దమనసు చూపించుకోవడానికి.

మేనేజరుకి రుజువు దొరికింది. లాక్ పీకాక బండి బాగుపడింది, లాక్ పెట్టినవాడే దోషి. శనివారం సాయంత్రం అతన్ని పిలిచి సోమవారం నుంచి రావద్దన్నాడు. నేను అక్కడే ఉన్నాను. పన్నెండేళ్ల పనివాడు, ఒక్క తప్పుకి తీసేస్తారా అని రెండు మాటలు అనొచ్చు. అనలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అతను తన స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టుకున్నాడు. తీగలో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు, చేరిన కొత్తలో నేనిచ్చింది, ఒకటి ఉండేది, అది మాత్రం నా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. అతను గేటు దాటుతుండగా వాన మొదలైంది.

ఆదివారం రోజంతా కురుస్తూనే ఉంది. సోమవారం ఐదున్నరకి నా ఫోన్ మోగింది.

"అన్నయ్యగారూ, మళ్లీ ప్రాణం పోయిందండి."

లాక్ నా సొరుగులో ఉంది. సొరుగులో ఉన్న లాక్ రైల్వే కాలనీలో ఉన్న బ్యాటరీని తాగదు. మరి తాగుతున్నదెవరు? ఆ క్షణంలో నాకు సిగ్గుకంటే ముందు పట్టుదల వచ్చింది. ఇవాళ దీని అంతు చూడకుండా అన్నం ముట్టనని మా ఆవిడతో అన్నాను. ఆమె, అయితే వంట చెయ్యక్కర్లేదా అని అడిగింది.

సిస్టర్‌కి ఒక్కటే చెప్పాను. "బండిని ఎవరూ ముట్టుకోవద్దు. తుడవొద్దు, తోయొద్దు. ఎట్లా ఉందో అట్లానే ఉంచండి." మూడుసార్లూ ఆ బండి నా దగ్గరకు వచ్చింది. ఈసారి నేను దాని దగ్గరకు వెళ్దామనుకున్నాను. ఎందుకలా తోచిందో చెప్పలేను. షాపులో దొరకని దొంగని ఇంటి దగ్గర వెతకాలన్నంతవరకే బుర్ర పనిచేసింది.

దారిలో షాపు తెరిపించి, చార్జి చేసిన బ్యాటరీ ఒకటి స్కూటర్ మీద పెట్టుకున్నాను. రెయిన్‌కోటు దానికి కప్పి, నేను తడుస్తూ వెళ్లాను. సిస్టర్ తెల్ల యూనిఫారంలో వరండాలో నిలబడి ఉన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశారట. గొడుగు తెచ్చి నా నెత్తిన కాకుండా బానెట్ మీద పట్టమన్నాను.

గాలి కొట్టడానికి అక్కడ కంప్రెసర్ లేదు. ఉండి ఉంటే అలవాటు కొద్దీ కొట్టేసేవాణ్నే. చచ్చిన బ్యాటరీ తీసి, నాది పెట్టి, మధ్యలో మీటరు తగిలించాను. ఇంజన్ స్టార్ట్ చేయలేదు. ఒక పావుగంట అలాగే నిలబడ్డాం. ముప్పై మిల్లీ ఆంపియర్లు కనిపించాల్సిన చోట దాదాపు అర ఆంపియర్ కనిపించింది.

"దొరికావురా!" అని గట్టిగా అరిచాను. సిస్టర్ ఉలిక్కిపడ్డారు.

"ఎవరండీ?" 

"ఇంకా తెలీదు సిస్టర్. ఇంట్లోనే ఉన్నాడు, అంతవరకు పక్కా."

ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకాను. అన్నీ పీకేశాను. మీటరులో అంకె కదల్లేదు. అంటే పోతున్నది ఫ్యూజుల తరువాత కాదు, వాటికి ముందే. బ్యాటరీ నుంచి ఫ్యూజుల పెట్టెకి వెళ్లే తీగ మూరెడు కూడా ఉండదు. ఆ మధ్యలో ఒక కనెక్టర్ ఉంది. మే నెలలో ఎలకలు కొరికింది అక్కడే, నేను కలిపింది అక్కడే. వేలితో దాన్ని కదిపాను. మీటరులో అంకె వణికింది.

వేలికి జిగట అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగాకు, బెల్లం.

ఆ కనెక్టర్‌కి నీళ్లు పోకుండా లోపల రబ్బరు ఉంటుంది. అన్నేళ్లకి అది పొడైపోయింది. నేను దాన్ని చూడకుండా పైనుంచి గుడాఖు దిట్టంగా పూశాను. ఎండల్లో అది రాయిలా ఎండి మంచివాడిలా ఉంది. వానలు పడగానే చెమ్మ పీల్చుకుని, కరిగి, సందుల్లోంచి లోపలికి దిగింది. కరెంటు తీగకీ పక్కనున్న ఎర్తు తీగకీ మధ్య తడి బాట వేసింది. ఆదివారమంతా కదలకుండా వానలో ఉంటే బ్యాటరీ ఆ బాటలో నెమ్మదిగా కారిపోయేది. షాపుకి రాగానే మేము గాలి కొట్టి, వేడెక్కిన ఇంజన్ పక్కన ఉంచి, ఆ బాటని మా చేతులతోనే ఆరబెట్టేవాళ్లం. ఆ తరువాత మీటరు పెట్టి ఏమీ లేదనేవాళ్లం. లాక్ పీకిన వారం బండి బాగుపడింది లాక్ వల్ల కాదు, ఎండ వల్ల.

వానలో తడుస్తూ నిలబడితే ఒక మాట గుర్తొచ్చింది. ఏడాది కిందట నేను ఎవరి బండికో ఇది పూస్తుంటే మా బీర్‌గావ్ మనిషి అన్నాడు, "గురువా, ఇది ఎండల్లో బాగానే ఉంతాది. బరసాత్‌లో నీరు కారతాది. మాయమ్మ డబ్బా సూస్తన్నాను గదా." నేనేమన్నానో కూడా గుర్తొచ్చింది. "నీకు కరెంటు నేర్పింది నేనా, మీయమ్మా?" అన్నాను. షాపంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

బ్యాటరీ తీగ విప్పి, సిస్టర్‌ని స్పిరిట్ అడిగాను. ఆమె లోపలికెళ్లి సీసా, దూది తెచ్చారు. పుండు కడిగినట్టు కడిగాను. దూది నల్లగా వచ్చింది. ఆరాక మళ్లీ మీటరు తగిలిస్తే ముప్పై.

"ఏంటండీ ఆ నలుపు?" అన్నారు సిస్టర్.

తుప్పు అనొచ్చు. పాత కారు, ఎవరైనా నమ్ముతారు. ఆమె మొహం చూస్తూ అబద్ధం నోటికి రాలేదు.

"నేను పూసిన మందు సిస్టర్. లాక్ పెట్టినవాడి తప్పేం లేదు. నాదే."

ఆమె దూది చేతిలోకి తీసుకుని వాసన చూసి మొహం చిట్లించారు. తిడతారనుకున్నాను. 

"మందు పడలేదన్నమాట. మా దగ్గరైతే రోగికి ఏ మందు పడదో కేసు కాగితం మీద ఎర్ర సిరాతో రాస్తామండి, మళ్లీ ఇంకెవరూ ఇవ్వకుండా. రాయడం మానేస్తే అది రెండో తప్పు." అని, నా చేతిలోంచి తాళం తీసుకుని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. గొడుగు నాకు వదిలేశారు.

నేను దారిలో ఎర్ర పెన్ను కొని తిన్నగా షాపుకి వెళ్లాను. ఆ కారు జాబ్‌కార్డు తీసి, నేను ముందు రాసిన వాక్యం కొట్టేసి, దాని కింద హిందీలో రాశాను: లోపం సెంట్రల్ లాక్‌ది కాదు. రబ్బరు పోయిన కనెక్టర్ మీద ఇన్‌ఛార్జి గుడాఖు పూయడం వల్ల కరెంటు కారింది. కింద నా సంతకం. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి తల పట్టుకున్నాడు.

"పాత కనెక్టర్ పాడైంది అని రాసెయ్. అదీ నిజమే కదా. ఈ గుడాఖు గొడవ బయటకెళ్తే కస్టమర్లందరూ వరస కడతారు."

"వాళ్లు రాకముందే మనమే పిలుద్దాం సార్." 

"నీ పరువేమవుతుంది?"

నాకు నిజంగా భయమేసింది. ఈ షాపులో నాకున్నదల్లా ఆ పరువే. నా నోటిని అంతమంది భరించింది దాన్ని చూసే. అయినా ఆ శనివారం నేలకేసి చూస్తూ నిలబడ్డానే, ఆ నిలబడడం ఇంకోసారి నా వల్ల కాదనిపించింది. అతన్ని తీసేసిన లెక్కన నన్నూ తీసేయండి, లేదా అతన్ని పిలవనివ్వండి అన్నాను. మేనేజరు కార్డు నాకేసి తోశాడు.

"వెళ్లి పిలుచుకో. వస్తే రానీ. రాకపోతే నన్ను అడక్కు." 

టెస్ట్ ల్యాంపు, జాబ్‌కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని బీర్‌గావ్ వెళ్లాను. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా అతని ఇంటికి వెళ్లలేదని వీధి కొసన అడ్రసు అడుగుతున్నప్పుడు తెలిసింది. వీధి నిండా ఫ్యాక్టరీ మసి కలిసిన వాననీళ్లు. గుమ్మంలో అతని తల్లి కూర్చుని ఉంది. శ్రీకాకుళంలో ఉన్నన్నాళ్లూ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేదట, ఇక్కడికి వచ్చాక ఇరుగుపొరుగులను చూసి గుడాఖుకి మారింది. చేతిలో డబ్బా ఉంది. మూత తీసి ఉంది. ముద్ద మీద నీళ్లు తేలి ఉన్నాయి.

నేను దానికేసే చూస్తుండడం ఆమె గమనించింది. "వానాకాలం ఇంతే బాబూ. పొయ్యికాడ పెట్టుకోవాల. నేకపోతే కారిపోతాది" అంది. నా అన్నేళ్ల చదువు ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది.

అతను లోపల్నుంచి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. మధ్యాహ్నం ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర పని కోసం నిలబడాలట. కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. సంచిలోంచి కార్డు తీసి ఇచ్చాను. ఎర్ర అక్షరాలు నెమ్మదిగా చదివాడు. మడిచి నాకే ఇచ్చేశాడు. మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"అనుకున్నాను గురువా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి సెప్పినాను గదా. అందరూ నవ్వీసినారు. తరవాత నామీదికే కేసొచ్చింది. అప్పుడు సెప్తే ఏటంతారు? సొంత గల్తీ గురువు మీదికి తోసీసినాడంతారు."

నాకు ఇంకో భయం పట్టుకుంది. "నేను చాలా బళ్లకి ఆ మందు పూశాను. అవన్నీ ఈ వానల్లో..." 

"నా సేతికి సర్వీసుకి వచ్చినవన్నీ తుడిసీసినాను. మీరు టీకి ఎల్లినప్పుడు. తొమ్మిదయ్యాయి."

నా పేరు మోగుతున్న ఆ ఏడాదంతా ఈ మనిషి నా వెనకాల గుడ్డ పట్టుకుని తిరిగాడు. నన్ను నలుగురిలో చిన్నబుచ్చకుండా, ఎవరి బండీ రోడ్డు మీద ఆగకుండా.

"మరి సిస్టర్ బండి ఎందుకు వదిలేశావు?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అతను నాకేసి సూటిగా చూశాడు. అతను అలా చూడడం అదే మొదలు. "మీరు దాన్ని నన్ను ముట్టుకోనిస్తే గదా."

అతని తల్లి డబ్బా మూత బిగించి లోపలికి వెళ్లింది. తప్పయింది అన్నాను. అంత చిన్న మాట చెప్పడానికి నాకు యాభై ఏళ్లు దాటాల్సి వచ్చింది. టెస్ట్ ల్యాంపు అతని చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు సంగతి మళ్లీ ఎత్తలేదు.

"ఇంకా ఎన్ని మిగిలాయి?" అన్నాను.

"ఐదు." ఆలోచించాల్సిన పని కూడా లేకుండా ఐదు బళ్లూ ఎవరెవరివో చెప్పాడు. మొదటిది పండరీ బట్టల వ్యాపారిది. "వానలు ఇంకా నెలన్నరుంతాయి. పదండి, ఇవాళే మొదలెట్టీద్దుం. అయితే ఒక మాట గురువా."

"చెప్పు."

"తుడిసేది మీరే. నాను పక్కన నిలబడి సూస్తాను."

రబ్బరు పోయిన పాత కనెక్టర్‌ని నమ్మొద్దనీ, తుడవకముందు చూడాలనీ, గాలి కొట్టకముందు కొలవాలనీ ఆ తరువాత మా షాపులో రాసి పెట్టాం. అవన్నీ మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను రిటైరయ్యాక ఇన్‌ఛార్జి అయింది అతనే. అతను చెయ్యి ఎత్తడని, ఎవరు ఏం చెప్పినా చివరిదాకా వింటాడని కుర్రాళ్లు చెప్తుంటారు.

ఆ వారంలో ఐదు బళ్లూ నేనే తుడిచాను, వాటి యజమానుల ఎదురుగా, అది ఏమిటో వాళ్లకి నా నోటితో చెప్పి. అతను పక్కన నిలబడి చూశాడు. మూడో బండి దగ్గర, కనెక్టర్ వెనకవైపు వదిలేశానని వేలు పెట్టి చూపించాడు. నేను మళ్లీ వంగి తుడిచాను.